కాకులు గుర్తుపెట్టుకున్న ముఖం

వాన వెలిసిన పొద్దున తడిసిన ఇనుప తీగ వాసన తగిలిందంటే నా చెయ్యి నాకు చెప్పకుండానే నడినెత్తి మీదికి పోతుంది. మేముండే అపార్టుమెంటుకు ఎదురుగా ఇంకో అపార్టుమెంటు లేస్తోంది. పిల్లర్ల ఊచలు కట్టే సన్నటి బైండింగు తీగ అక్కడ ఇసుక మీద చుట్టలు చుట్టలుగా పడి ఉంటుంది. రాత్రి వాన పడితే తెల్లారేసరికి దానికి ఎర్రగా తుప్పు దిగి, పాత తాళంచెవి నోట్లో పెట్టుకున్నట్టుండే ఆ వాసన మూడో అంతస్తులో మా బాల్కనీ దాకా వస్తుంది. మొన్న కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉండగా ఒక కాకి వచ్చి, ఆ చుట్ట చివర్లను ఒక్కొక్కటే ముక్కుతో లాగి చూసి, తనకు కావలసిన పొడవు ముక్క దొరికేదాకా ఓపిగ్గా వెతికి, దాన్ని సరిగ్గా మధ్యకు పట్టుకుని ఎగిరిపోయింది. మా ఇంట్లో పెళ్ళి చీర ఎంచుకునేటప్పుడు కూడా ఎవరూ అంత శ్రద్ధ చూపలేదు. పక్కనే ఉన్న మా అమ్మాయి మేఘన, ఎంత తెలివో చూడమ్మా అని ముచ్చటపడింది. నేను దాన్ని లోపలికి లాక్కొచ్చి బాల్కనీ తలుపు గడియ వేసేశాను.

కాకి తెలివిని చూసి ముచ్చటపడే అదృష్టం నాకు లేదు. నేను పెరిగింది ఇక్కడికి కూతవేటు దూరంలోనే. విశాఖ కూర్మన్నపాలెం జంక్షన్లో బస్సు దిగి లోపలికి నడిస్తే అప్పట్లో ఈ మేడలేవీ ఉండేవి కావు. సిమెంటు రేకుల ఇళ్ళు, వాటి మధ్య ఎవరూ కొట్టకుండా మిగిలిపోయిన జీడిమామిడి చెట్లు, స్టీలు ప్లాంటు షిఫ్టులకు సైకిళ్ళ మీద పోయేవాళ్ళు, వచ్చేవాళ్ళు, హ్యాండిళ్ళకు తగిలించిన వాళ్ళ అన్నం క్యారేజీల గలగల. వేసవి వస్తే మా వీధి మొత్తం ఒకటే వంటిల్లు అయిపోయేది. ఒక ఇంట్లో ఆవపిండి దంచుతుంటే నాలుగిళ్ళ అవతల పిల్లలు తుమ్మేవాళ్ళు, ఇంకో ఇంటి ముందు నులకమంచం మీద మామిడి ముక్కలు ఎండుతుంటే వాటికి కాపలా ఉండాల్సిన మేమే సగం తినేసేవాళ్ళం, రాలిన జీడిపళ్ళ ఘాటు వాసన మధ్యాహ్నం ఎండలో కళ్ళు మూతలు పడేట్టు చేసేది. గాలి సముద్రం మీంచి తిరిగితే పెదాలు ఉప్పగా అయ్యేవి, ప్లాంటు వైపు నుంచి తిరిగితే ఆరేసిన తెల్లబట్టల మీద సన్నటి నల్లపొడి పడేది. తొక్కుడుబిళ్ళ ఆడటానికి నేల మీద గళ్ళు గీసుకోవడానికి మాకు సుద్దముక్క అక్కర్లేదు, ఆ పొడిలో వేలితో గీస్తే చాలు.

మా నాయనమ్మను మేము మామ్మ అనేవాళ్ళం. తాటిముంజెలో బొటనవేలు దింపి ఒక్క చుక్క కిందపడకుండా నీళ్ళు తాగడం, మధ్యాహ్నం ఎంత ఎండలోనైనా పొగచుట్ట కోసం గుమ్మం బయటికే వెళ్ళి కూర్చోవడం, తను ముద్ద నోట్లో పెట్టుకునే ముందు పిట్టగోడ మీద కాకికి ఒక ముద్ద పెట్టడం, ఈ మూడూ ఆవిడ ఒక్కరోజు తప్పలేదు. ఆ ముద్ద మా తాతయ్యదట. కాకి వచ్చి తినేదాకా ఆవిడ కంచం ముట్టేది కాదు, అది ఆలస్యం చేస్తే తాతయ్యను తిట్టినట్టే దాన్ని తిట్టేది. అదే కాకి ఎవరి తల మీదైనా వాలిందంటే మాత్రం అది తాతయ్య కాదు, శనేశ్వరుడి వాహనం. పొద్దున పదింటికి తాతయ్యగా ఉన్నది మధ్యాహ్నానికి శనిగా ఎలా మారుతుందని నేను అడిగితే ఆవిడ చుట్ట పొగ నా వైపు ఊదేది.

మా నాన్న సూరిబాబు కరెంటాఫీసులో లైన్‌మేన్. బక్కపల్చటి మనిషి, పొడుగాటి ముక్కు, రెండు కనుబొమలూ మధ్యలో కలిసిపోయి ఒకే గీతలా ఉండేవి. ఆ ముఖం అచ్చుగుద్దినట్టు నాకు వచ్చింది. తండ్రి పోలిక వచ్చిన ఆడపిల్ల అదృష్టవంతురాలని, ఇంటికొచ్చిన వాళ్ళందరికీ మామ్మ నా గడ్డం పట్టుకుని ముఖం అటూ ఇటూ తిప్పి చూపించేది. తమ్ముడు అప్పటికి ఇంకా చంకలో పిల్లాడు, పైగా అమ్మలా ఉండేవాడు, కాబట్టి వాడికి ఆ బాధ లేదు.

ఎండలు ముదిరితే నాన్నకు మనుషులతో కంటే కాకులతోనే ఎక్కువ పని. మా చుట్టుపక్కల ఎప్పుడూ ఏదో ఒక కట్టడం సాగుతూనే ఉండేది కనుక బైండింగు తీగకు కరువు లేదు. పుల్ల కంటే తీగ గట్టిదని, వంచితే వంగి ఆ వంపులోనే నిలబడుతుందని, గాలికి ఊడదని మా కాకులు ఎప్పుడో కనిపెట్టాయి. స్తంభం పైనున్న అడ్డపట్టీకి అల్లి, మెలిపెట్టి, లోపల కొబ్బరిపీచు పరిచి అవి కట్టిన గూడును చేత్తో లాగితే ఊడేది కాదు, కటింగ్ ప్లేయర్ కావలసి వచ్చేది. అంత తెలిసిన వాటికి ఇనుములో కరెంటు పారుతుందని మాత్రం తెలియదు. గూటిలోంచి ఒక తీగ కొస జారి పక్క వైరుకు తగిలిందంటే వీధి వీధంతా ఫ్యాన్లు ఆగిపోయేవి, మామ్మ తాటాకు విసనకర్రతో పాటు నాన్న డిపార్టుమెంటు మీద తిట్లు కూడా అందుకునేది. నాన్న, ఆయనతో పనిచేసే ఖాదర్ మావయ్య కలిసి వెళ్ళి ఆ గూళ్ళు దించేవాళ్ళు. ఖాదర్ మావయ్య వన్‌టౌన్‌లో తరతరాలుగా తాళాలు బాగుచేసే ఇంట్లో పుట్టినవాడు. నాన్నా ఆయనా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్ళు. పిల్లలున్న గూడైతే దాన్ని గూడుగానే దించి పక్కనున్న వేపచెట్టు కొమ్మల మధ్య కుదురుగా పెట్టి రావడం వాళ్ళిద్దరి పద్ధతి, పైవాళ్ళు ఆలస్యానికి విసుక్కున్నా వాళ్ళు అది మానలేదు.

ఆ ఏడు నేను నాలుగో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. ఒకరోజు వీధి మొగలో ట్రాన్స్‌ఫార్మర్ పక్క స్తంభం మీద ఫట్టుమని మెరిసి కరెంటు పోయింది. పరుగెత్తి చూస్తే గూటి పక్కన వైరుకు ఒక కాకి తలకిందులుగా వేలాడుతోంది. దాని జతది స్తంభం చుట్టూ తిరుగుతూ, నేను అంతకు ముందెప్పుడూ వినని గొంతుతో అరుస్తోంది. మామూలు కావుకావు కాదు అది, గొంతులో ఏదో గీరుకుపోతున్నట్టుగా పొట్టిగా ఒకే అరుపు, మళ్ళీ మళ్ళీ. నాన్న వచ్చి, లైను ఆపించి, పైకెక్కాడు. అలాంటప్పుడు చచ్చిన పక్షిని కర్రతో కిందికి తోసేస్తారు. కానీ కింద పిల్లలం గుంపుగా నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాం, మా నెత్తిన పడుతుందని నాన్న తోయలేదు. దాని కాళ్ళు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో స్తంభం పట్టుకుంటూ మెల్లమెల్లగా దిగాడు. ఆయన దిగుతున్నంతసేపూ ఎక్కడెక్కడి కాకులో వచ్చి వైర్ల మీద, రేకుల మీద, జీడిచెట్ల మీద వాలాయి. నాన్న నేల మీద కాలు పెట్టగానే ఆ గోలంతా ఒక్కసారి ఆగింది. అన్ని కాకులూ మెడలు పక్కకు వంచి, ఒక్కో కన్నుతో, చచ్చిన కాకిని చేత్తో పట్టుకుని నిలబడ్డ ఆ మనిషి ముఖంలోకి చూశాయి. నాన్న వేపచెట్టు కింద గొయ్యి తీసి దాన్ని పూడ్చిపెడుతున్నంతసేపూ చూశాయి.

మర్నాడు ఆయన సైకిల్ ఎక్కి గుమ్మం దాటగానే మొదటి దెబ్బ పడింది. వెనక నుంచి ఒక కాకి వచ్చి, గోళ్ళతో నడినెత్తి గీరి, అదే గొంతుతో అరిచి పైకి లేచింది. దాని వెనక ఇంకోటి. వీధిలో అంతమంది తిరుగుతున్నా ఇంకెవరి జోలికీ అవి పోలేదు. మొదట్లో అందరికీ నవ్వులాటగానే ఉంది. నాన్న హెల్మెట్ పెట్టుకుని గుమ్మం దాటడం, తలకు తువ్వాలు చుట్టుకోవడం, అమ్మ గొడుగు కింద నక్కి నడవడం చూసి పిల్లలం వెంటపడేవాళ్ళం. కాకులు తొందరపడేవి కావు. టీ కొట్టు దగ్గర ఆయన హెల్మెట్ తీసేదాకా ఎదురు గోడ మీద కూర్చుని ఆగేవి. ఖాకీ చొక్కాను చూసి గుర్తుపడుతున్నాయని ఖాదర్ మావయ్య తేల్చి, ఒకరోజు చొక్కాలు మార్చుకుందామన్నాడు. నాన్న ఆయన గళ్ళ చొక్కా తొడుక్కున్నాడు, ఆయన నాన్న ఖాకీ తొడుక్కుని వీధి మధ్యలో ఛాతీ విరుచుకుని నడిచాడు. కాకులు ఆయన వైపు తల కూడా తిప్పలేదు. గళ్ళ చొక్కాలో గోడవార నడుస్తున్న నాన్న నెత్తిన రక్తం వచ్చింది. ఆ రోజు దాకా నవ్విన వీధి ఆ రోజు నవ్వలేదు.

నాకు భయం పట్టుకున్నది అప్పుడే. అవి చూస్తున్నది చొక్కా కాదు, ముఖం. ఆ ముఖం నా దగ్గర కూడా ఉంది. అద్దం ముందు నిలబడి అమ్మ కాటుక పుల్లతో, కలిసిపోయిన నా కనుబొమల మధ్య గీరి గీరి చర్మం ఎర్రగా చేసుకున్నాను. మంచినీళ్ళ కుళాయికి వెళ్ళాలంటే ఓణీ లాంటిదేదో ముఖం చుట్టూ కప్పుకునేదాన్ని. తొక్కుడుబిళ్ళ ఆట మానేశాను, ఎందుకంటే బిళ్ళ కోసం వంగితే నెత్తి ఆకాశానికి కనిపిస్తుంది. పిట్టగోడ మీద మామ్మ పెట్టిన ముద్ద తినడానికి కాకి వచ్చినప్పుడు తలుపు సందులోంచి చూసేదాన్ని. అది ముద్ద తినేది, మూతి గోడకు తుడుచుకునేది, ఆ తర్వాత సరిగ్గా నేనున్న సందు వైపే కన్ను తిప్పేది. నేను తడుపుకున్న గౌను అమ్మకు తెలియకుండా ఆరేసుకున్న రోజులు కూడా ఉన్నాయి.

మామ్మ భయం వేరు. కాకి తల మీద తంతే ఆ మనిషికి గండం ఉందని ఆవిడ నమ్మకం. తలంటి పోసింది, శనివారం నువ్వులనూనె దీపం పెట్టించింది. కాకులు ఆగలేదు. "ఒకపాలి తంతే గాచారం అనుకుందుం. రోజూ తంతాదేట్రా" అని ఆవిడ ఒక మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని ఏడ్చింది. నాన్న నెత్తి మీద పసుపు అద్దించుకుంటూ, "అమ్మా, ఆటికి నా మీద కోపం. తమ మడిసిని నాను సంపీసినాననుకుంతన్నాయి. దీనికీ శనికీ ఏటి సంబంధం" అన్నాడు. ఆ మాట ఇంట్లో ఎవరికీ ఎక్కలేదు. కాకికి కోపమేమిటి, అది గుర్తుపెట్టుకోవడమేమిటి అని అమ్మ కూడా అంది. గ్రహం తన్నిందంటే నమ్మినవాళ్ళం, పక్షి తన్నిందంటే నమ్మలేకపోయాం.

ఇక మిగిలింది చావుకబురు. మా వైపు పాతవాళ్ళకు ఈ ఆచారం తెలుసు. కాకి తన్నిన మనిషి చచ్చిపోయాడని దూరానున్న రక్తసంబంధికి అబద్ధపు కబురు పంపుతారు. ఆ మనిషి నిజమనుకుని ఏడవాలి. ఆ కన్నీళ్ళతో మృత్యువు తన పని అయిపోయిందనుకుని వెళ్ళిపోతుంది. కన్నీళ్ళు కారాక వెంటనే నిజం చెప్పెయ్యాలి, కారకముందు చెబితే ఫలితం ఉండదు. నాన్నకు తోబుట్టువు ఒక్కతే, భీమిలిలో కాపురముంటున్న మా బంగారమ్మ అత్త. నాన్నను చంకనేసుకుని పెంచిన అక్క. భీమిలి నుంచి బస్సులో గంపెడు చేపలు తెచ్చి మా వీధిలో అమ్మి మధ్యాహ్నానికి తిరిగి వెళ్ళే నూకాలు చేతికి మామ్మ ఆ కబురు అప్పజెప్పింది. అమ్మకు చెప్పింది, నాన్నకు చెప్పలేదు, పిల్లనని నాకూ చెప్పలేదు. కన్నీళ్ళు చూసాకే నిజం చెప్పమని నూకాలుకు పదిసార్లు చెప్పి పంపిందట.

ఆ సాయంత్రం ఈదురుగాలి, దాని వెంట ఒక జల్లు వాన వచ్చి పోయాయి. మామిడి ముక్కలు లోపలికి తెచ్చేసరికే సగం దుమ్ము కొట్టుకుపోయాయి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వైరు తెగిందని నాన్న, ఖాదర్ మావయ్య వెళ్ళారు. నేను గుమ్మంలో కూర్చుని ముక్కల్లో ఇసుక ఏరుతున్నాను. ఎండ ఇంకా పచ్చగానే ఉంది. అప్పుడు వీధి మొగలోంచి ఒక ఆడమనిషి గొంతు వినబడింది. జుట్టు విరబోసుకుని, చెప్పులు లేకుండా, గుండెలు బాదుకుంటూ వస్తోంది బంగారమ్మ అత్త.

"తమ్ముడోయ్, నన్నొగ్గీసి ఎల్లిపోనావేట్రా, నా తండ్రోయ్."

వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. నా ఒళ్ళో మామిడి ముక్కల గిన్నె ఎప్పుడు దొర్లిపోయిందో నాకు తెలియదు. నాన్న స్తంభం ఎక్కడానికి వెళ్ళాడు, అత్త ఏడుస్తూ వచ్చింది, పదేళ్ళ పిల్లకు ఇంకేం కావాలి. కాకులు నాన్నను చంపేశాయని అనుకున్నాను. ఇంతకంటే భయంకరమైన సంగతి వెనక్కి తిరిగి చూస్తే కనిపించింది. ఆ అబద్ధాన్ని తన చేతులతో తయారుచేసి పంపిన మామ్మ, ఆ ఏడుపు వినగానే అది అబద్ధమని మరిచిపోయింది. చుట్ట కిందపడేసి, "అయ్యో, నా కొడుకో" అంటూ నేల మీద కూలబడింది. అమ్మ తమ్ముణ్ణి చంకలోంచి జారవిడవబోయి, పట్టుకుని, ట్రాన్స్‌ఫార్మర్ వైపు పరుగెత్తింది. అబద్ధం తెలిసిన అమ్మ కూడా పరుగెత్తింది. అత్త, నేను, వీధిలో సగం మంది ఆమె వెనక పరుగెత్తాం.

నాన్న స్తంభం పైన ఉన్నాడు. నడుముకు బెల్టు, చేతిలో ప్లేయర్, మా వైపు వీపు. కింద తన పేరు పెట్టి ఏడుస్తూ వస్తున్న అక్క గొంతు ఆయన గుర్తుపట్టాడు. ఖాదర్ మావయ్య కింద నుంచి, "బావా, ఇటు తిరక్కు, పట్టుకో" అంటూనే ఉన్నాడు. నాన్న తిరిగాడు. వానకు తడిసిన ఇనుము మీద కాలు జారింది. హెల్మెట్ ఊడి టంగుమని కింద పడింది. ఆయన వెనక్కి విరిగి, బెల్టు మీద నడుం దగ్గర వేలాడిపోయాడు, తల కిందికి, చేతులు కిందికి. ముఖం మొత్తం ఆకాశానికి కనిపిస్తోంది. నేను దేనికి భయపడుతున్నానో అదే జరిగింది, ఎక్కడెక్కడి కాకులూ లేచి వచ్చాయి. మొదటిది వచ్చి నుదుటి మీద పొడిచింది. రక్తం కనుబొమ మీదుగా చెవిలోకి కారింది. నాన్న కదల్లేదు.

అప్పుడు కాకులు ఆగిపోయాయి. ఎవరూ తోలలేదు, ఎవరూ రాళ్ళు విసరలేదు. గాల్లో ఉన్నవి వచ్చి వైర్ల మీద వాలాయి. ఒక్కటి కూడా అరవలేదు. తలకిందులుగా వేలాడుతున్న నాన్నను, ఆ రోజు తలకిందులుగా వేలాడిన తమ కాకిని చూసినట్టే, మెడలు వంచి చూస్తూ కూర్చున్నాయి. మనుషులం కింద గుండెలు బాదుకుంటున్నాం, పైన అవి నిశ్శబ్దంగా ఉన్నాయి. ఎంతసేపో చెప్పలేను. ఖాదర్ మావయ్య సగం దూరం ఎక్కేసరికి నాన్న చెయ్యి కదిలింది, దగ్గాడు, స్తంభాన్ని వెతుక్కుని పట్టుకున్నాడు. ఆయన తల పైకి లేవగానే కాకులు మళ్ళీ ఆ గీరుడు గొంతుతో అందుకున్నాయి, కానీ ఒక్కటీ కిందికి దూకలేదు.

కిందికి దించాక నాన్నను ముందుగా కొట్టింది బంగారమ్మ అత్తే. రెండు చేతులతో భుజాల మీద బాది, "బతికుండి నన్నేడిపిత్తావేట్రా" అని, ఆ తర్వాత రక్తమంతా తన చీరకు అంటేదాకా పట్టుకుని కూర్చుంది. సంగతి మర్నాడు చేపల గంపతో వచ్చిన నూకాలు చెప్పింది. కబురు వినగానే అత్త ఏడవలేదట. ఒక్క చుక్క రాలేదట. కొయ్యబారిపోయి, పొయ్యి మీద అన్నం దించి, తలుపు తాళం వేసి, బయల్దేరుతున్న విశాఖ బస్సు ఎక్కేసిందట. కన్నీళ్ళు చూసాకే నిజం చెప్పాలి కదా అని నూకాలు ఆమె ముఖంలోకే చూస్తూ బస్సు దాకా వెంట నడిచిందట. ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు మారి, అంత దూరమూ పొడికళ్ళతో వచ్చిన అత్తకు, మా వీధి మొగలోకి వచ్చాక గాని ఏడుపు రాలేదు. నూకాలును తప్పుపట్టడానికి మామ్మకు నోరు రాలేదు. పైపెచ్చు, కూతురి కన్నీళ్ళు స్తంభం కింద కరెక్టుగా సమయానికి పడ్డాయని, అందుకే కొడుకు బతికాడని, గండం గడిచిందని ఆవిడ తృప్తిగా చుట్ట వెలిగించుకుంది. ఆ ఏడుపు వల్లే కాలు జారిందని నాన్న అన్నాడు. ఆ మాటా ఎవరికీ ఎక్కలేదు. అత్త మాత్రం ఆ తర్వాత రెండు పండగల దాకా మా గడప తొక్కలేదు.

నేను ఇప్పుడు అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తున్నాను. దేనివల్ల ఏది జరిగిందో తేల్చడమే నా జీతం. ఆ వేసవిని ఎన్నిసార్లు తిరగేసినా నాకు తేలలేదు. కాకి ఒక చావును, ఒక ముఖాన్ని పక్కపక్కన చూసింది, రెంటినీ ముడివేసింది. మామ్మ కాకి కాలును, కొడుకు చావును పక్కపక్కన పెట్టి ముడివేసింది. ఇద్దరి లెక్కా తప్పే. తప్పు లెక్కతోనైనా కాకి తను నమ్మినదే చేసింది, లేని చావును కల్పించి తోబుట్టువును ఏడిపించే పని దానికి తోచలేదు. ఆ తెలివి మాకే ఉంది. వేలాడుతున్న మనిషిని చూసి అవి ఎందుకు ఆగాయో కూడా నాకు తెలియదు. జాలి అయి ఉండవచ్చు, పని అయిపోయిందన్న తృప్తి అయి ఉండవచ్చు.

నాన్నను ఆ తర్వాత సబ్‌స్టేషన్ లోపలి పనికి మార్చారు. చాలా ఏళ్ళు బతికాడు. జుట్టు తెల్లబడి, పళ్ళూడి, బుగ్గలు లోపలికి పోయాక, ఉత్త తలతో బాల్కనీలో కూర్చుని కాకులకు ఇడ్లీ ముక్కలు పెట్టేవాడు. అవి ఆయన చేతి దాకా వచ్చి తినేవి. "సూసినావా, మర్సిపోనాయి" అని నాకు చూపించి నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. అవి మరిచిపోలేదని, ఆయన ముఖమే ఆయన్ని వదిలి వెళ్ళిపోయిందని ఆయనతో అనలేదు. ఆయన పోయినప్పుడు పిండం కాకి ముట్టదేమోనని నేను ఎంత వణికానో చెప్పలేను. అత్త పట్టుబట్టి భీమిలి సముద్రం ఒడ్డునే మా తమ్ముడి చేత అన్నీ చేయించింది. అక్కడి కాకులకు నాన్న ఎవరో తెలియదు, పెట్టగానే వచ్చి తినేశాయి.

ఇప్పుడు ఆ వీధి లేదు. జీడిచెట్లను ఒక తుఫాను తీసుకుపోతే మిగిలినవాటిని అపార్టుమెంట్లు తీసుకుపోయాయి. ఆవపిండి ప్యాకెట్లో వస్తోంది. వైర్లు భూమిలోకి పోయి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నాన్న వేలాడిన స్తంభం ఉన్నచోట ఫోన్లు అమ్మే షాపు ఉంది. మామ్మ, అమ్మ, ఖాదర్ మావయ్య ఎవరూ లేరు. అత్త ఉంది గాని, మనుషులను గుర్తుపట్టే స్థితిలో లేదు, మొన్న వెళితే నన్ను చూసి నూకాలనుకుంది. పడుచుతనంలో నాన్నకున్న ఒక్క ఫోటో, ఉద్యోగం గుర్తింపు కార్డు మీదిది, చెమ్మకు ముఖం దగ్గరే పాడైపోయింది. ఆ వయసులో ఆయన ఎలా ఉండేవాడో చెప్పగలిగినవాళ్ళు నేను తప్ప మనుషుల్లో ఎవరూ మిగల్లేదు. నేను ఇప్పుడు ఆయన అప్పటి వయసులో ఉన్నాను.

నిన్న మేఘనను ట్యూషన్ నుంచి స్కూటర్ మీద తీసుకొస్తూ జంక్షన్ దాటాక ఆ ఫోన్ల షాపు ముందు ఆగాను. ఉక్కగా ఉంది. హెల్మెట్ తీసి ముఖం తుడుచుకుంటున్నాను. షాపు బోర్డు మీద కూర్చున్న కాకి మెడ పక్కకు వంచి, ఒక కన్నుతో నా వైపు చూసి, అరిచింది. కావుకావు కాదు. ముప్ఫై ఏళ్ళుగా నేను వినని అరుపు. ఎక్కడి నుంచో ఇంకో రెండు వచ్చి దాని పక్కన వాలాయి. నేను తల ఎత్తేలోపు నడినెత్తి మీద గోళ్ళు దిగాయి. గూళ్ళు పెట్టే కాలంలో ఏ కాకైనా ఎవరినైనా తంతుందని రాత్రి ఫోన్లో తమ్ముడు చెప్పాడు. అయి ఉండవచ్చు. కానీ ఆ షాపు ముందు అంతమంది నిలబడి ఉన్నారు. నేను ఏ గూడూ ముట్టుకోలేదు. అంత భయంలోనూ నాలో ఒక మూల, నాన్నను ఇంకా ఎవరో గుర్తుపట్టారన్న చిన్న సంతోషం కూడా కలిగింది, దానికి నాకే సిగ్గేసింది.

వెనక సీటు మీంచి దిగిన మేఘన, ఏమైందో చూద్దామని తన హెల్మెట్ గడ్డం కింది పట్టీ విప్పుతోంది.

"తియ్యకు" అన్నాను.

"ఏటైందమ్మా?"

హెల్మెట్ లోపల దాని పొడుగాటి ముక్కు, మధ్యలో కలిసిపోయిన కనుబొమలు. మా మామ్మ వచ్చినవాళ్ళందరికీ గడ్డం పట్టుకుని తిప్పి చూపించిన ముఖం. దాని మీదికి హెల్మెట్ అద్దం కిందికి దించేసి, సరిగ్గా మూసుకుందో లేదో ఇంకోసారి చూసుకుని, బండి తీశాను.